ఇల్లు లేనివాళ్ళకు క్యాన్సర్ స్క్రీనింగ్ మెసేజ్‌లు: పంపే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: డల్లాస్‌లో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేస్తున్నారు, ప్రాక్టికమ్‌లో భాగంగా షెల్టర్ల దగ్గరికి వెళ్ళే మొబైల్ క్లినిక్‌లో వేశారు. యాభై దాటిన పేషెంట్లు క్యాన్సర్ పరీక్షలు చేయించుకునేలా టెక్స్ట్ మెసేజ్‌లు రాసిపెట్టమన్నారు. ఎన్ని పంపాలి, ఏం రాయాలి, అసలు పనిచేస్తాయా, రేపు హైదరాబాద్ వెళ్ళి ఇదే చేయొచ్చా? టెక్సస్‌లోనే ఇలాంటి క్లినిక్‌లలో ముందు నర్సుగా, తర్వాత కేర్ కోఆర్డినేటర్‌గా చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

పనిచేస్తాయి. కానీ ముక్కూమొహం తెలియని మనిషిని ఒప్పించే పని మెసేజ్ వల్ల కాదు. అప్పటికే మీ వ్యాన్ దగ్గర ఎవరో నర్సుతో మాట్లాడి, "సరే, చేయించుకుంటాలే" అని ఇంటి పరీక్ష కిట్ (నమూనా తీసి తెచ్చివ్వడానికి ఇచ్చే కవర్) జేబులో పెట్టుకుని వెళ్ళిన మనిషిని మళ్ళీ ఆ నర్సు దగ్గరికి తీసుకురావడానికి బాగా పనికొస్తుంది. మీ ప్లాన్ అంతా ఈ తేడా మీదే కట్టుకోండి. జాబితాలో ఉన్న అన్ని నంబర్లకూ ఒకేసారి "మీ ఆరోగ్యం మీ చేతుల్లో" అని కొడితే వచ్చేది డెలివరీ రిపోర్టు మాత్రమే.

ముందు ఆ "యాభై దాటిన" అన్నది సరిచేయించండి. ఏ పరీక్ష ఏ వయసులో చేయాలో సూచించే నిపుణుల బృందం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్, పెద్దపేగు క్యాన్సర్ పరీక్షను 2021లోనే 45 ఏళ్ళకు దించింది (75 వరకు). మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) 2024 నుంచి 40 ఏళ్ళకే, రెండేళ్ళకోసారి, 74 వరకు. గర్భాశయ ముఖద్వారం పరీక్ష 21 నుంచి 65 వరకు. ఊపిరితిత్తులకు లో-డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్) 50 నుంచి 80 మధ్య, బాగా పొగతాగినవాళ్ళకు, అంటే రోజుకో ప్యాకెట్ చొప్పున ఇరవై ఏళ్ళకు సమానంగా కాల్చి, ఇప్పటికీ కాలుస్తున్నవాళ్ళకో పదిహేనేళ్ళ లోపు మానేసినవాళ్ళకో. షెల్టర్లలో పొగతాగేవాళ్ళు ఎంత ఎక్కువో మీరు మొదటి రోజే చూసుంటారు, అయినా మీకు ఇచ్చిన పనిలో ఊపిరితిత్తుల ఊసే లేదు. ఎందుకు లేదని తప్పకుండా అడగండి.

"రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియనివాడికి క్యాన్సర్ పరీక్షలేమిటి" అని మీ క్లాసులో ఎవరో ఒకరు అంటారు. దానికి జవాబు బోస్టన్‌లో ఉంది. 2003 నుంచి 2008 వరకు అక్కడి నిరాశ్రయుల క్లినిక్‌లకు వచ్చిన 28,033 మంది పెద్దవాళ్ళను వెంబడించి చూస్తే 1,302 మంది చనిపోయారు. డ్రగ్ ఓవర్‌డోస్‌తో 219, క్యాన్సర్‌తో 206, గుండెజబ్బుతో 203. రెండో స్థానంలో ఉన్న కారణాన్ని తీరిక ఉన్నప్పుడు చూసుకుందాంలే అనలేం కదా.

ఇక ఫోన్ల సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ప్రాజెక్టులు చతికిలపడేది ఇక్కడే. "వాళ్ళ దగ్గర ఫోన్లు ఉంటాయా?" అన్నది పాత ప్రశ్న. లాస్ ఏంజెలెస్‌లో ఇళ్ళలోకి మారబోతున్న నిరాశ్రయుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో 94 శాతం మంది దగ్గర ఫోన్ ఉంది. ఓక్లండ్‌లో యాభై దాటినవాళ్ళను మాత్రమే చూసిన అధ్యయనంలో అది సుమారు 72 శాతం, అందులోనూ ఎక్కువమందివి బటన్ ఫోన్లే. మీకు కావలసిన వయసువాళ్ళు రెండో అధ్యయనంలోని వాళ్ళు. స్మార్ట్‌ఫోన్ ఉన్నా నెల చివరికి డేటా ఉండదు, స్క్రీన్ పగిలి ఉంటుంది, లైబ్రరీలో ప్లగ్ ఖాళీగా దొరికినప్పుడే ఛార్జింగ్. అందుకే మెసేజ్‌లో లింక్ పెట్టొద్దు. డేటా లేకపోతే అది తెరుచుకోదు, ఉన్నా ఎవరూ నొక్కరు. ఉచిత ఫోన్ ఉన్నవాళ్ళకు రోజుకెన్ని మోసపు మెసేజ్‌లు వస్తాయో ఒకసారి ఎవరినైనా అడిగి వాళ్ళ ఇన్‌బాక్స్ చూడండి, మీ లింకూ వాటిలో ఒకటిలాగే కనిపిస్తుంది.

ఫోన్ ఉండటం కన్నా నంబర్ నిలబడటం అసలు సమస్య. చాలామందివి పేదలకు ఫోన్ సర్వీసు ఇప్పించే ప్రభుత్వం వారి లైఫ్‌లైన్ పథకం కింద వచ్చిన ఫోన్లు. ఆ పథకంలో ఉచిత సర్వీసు తీసుకున్న మనిషి 30 రోజులు ఫోన్ వాడకపోతే 15 రోజుల నోటీసు ఇచ్చి లైన్ తీసేస్తారు. మనిషి హాస్పిటల్లోనో జైల్లోనో నెలన్నర ఉండి వచ్చేసరికి నంబర్ పోయి ఉంటుంది. దొంగతనాలు, వానలో తడవడాలు, ఎన్‌క్యాంప్‌మెంట్ (రోడ్డు పక్కన టెంట్ల గుంపు) ఖాళీ చేయించినప్పుడు సామానుతో పాటు ఫోన్ కూడా పోవడాలు సరేసరి. రద్దయిన నంబర్‌ను ఫోన్ కంపెనీ కనీసం 45 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అంటే మీ క్లినిక్ రికార్డులో ఉన్న నంబర్ ఆరు నెలల కిందటిదైతే, మీరు రాసిన "మీ టెస్ట్ రిజల్ట్ వచ్చింది" అన్నది ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళకు చేరొచ్చు.

దీనికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. వ్యాన్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ, బీపీ చూసే ముందు, "ఈ నంబరేనా ఇంకా?" అని అడిగి అక్కడికక్కడే ఒక టెస్ట్ మెసేజ్ పంపండి. వాళ్ళ ఫోన్ మోగితే వాళ్ళ ముందే మీ నంబర్‌ను వాళ్ళ ఫోన్లో సేవ్ చేయించండి, నర్సు పేరుతో. క్లినిక్ పేరుతో కాదు. నిరాశ్రయుల క్లినిక్ అని తెలిసే పేరు స్క్రీన్ మీద వెలగడం, పక్కన కూర్చున్నవాళ్ళు చూడటం చాలామందికి ఇష్టం ఉండదు. ఇంకో రెండు పేర్లు కూడా అడిగి రాసుకోండి: ఫోన్ పోతే ఎవరి ద్వారా కబురు పంపొచ్చు? కేస్ మేనేజర్, చెల్లెలు, చర్చిలో భోజనం పెట్టే ఆవిడ, ఎవరైనా సరే. కబురు అంటే "నర్సు ఒకసారి రమ్మంది" అన్నంతవరకే, విషయం చెప్పకూడదు. దీనికి పేషెంట్ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

మెసేజ్ ఏం రాయాలి? నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. "క్యాన్సర్" అన్న మాట రాయొద్దు. పరీక్ష పేరు కూడా వద్దు. ప్రైవసీ చట్టం ఒక కారణం. ఫోన్ ఒక్కటే ఉండి నలుగురు వాడుకోవడం రెండో కారణం. మూడోది, భయపెట్టే మాట చదివినవాళ్ళు ఫోన్ పక్కన పెడతారు. వాళ్ళ రోజులో భయాలకు ఇప్పటికే కొరత లేదు. మీరు ఇంగ్లీషులో, స్పానిష్‌లో రాస్తారు కానీ భావం ఇలా ఉండాలి: "నేను వ్యాన్ నర్సు ఫలానా. మంగళవారం మీకిచ్చిన కవర్ గుర్తుందా? గురువారం 9 నుంచి 12 దాకా షెల్టర్ వెనక పార్కింగ్‌లో ఉంటాం. తెచ్చివ్వండి. ఏదైనా ఇబ్బంది ఉంటే ఈ నంబర్‌కే రిప్లై ఇవ్వండి." ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం తేవాలి. ఉపదేశం లేదు, గణాంకాలు లేవు, "మీ వయసువారిలో ఇంతమందికి" అన్న మాటలు లేవు.

పొడవు విషయంలో ఒక మెలిక ఉంది. మామూలు ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. స్పానిష్‌లో é, ñ, ¿ ఆ పాత అక్షరపట్టికలో ఉన్నాయి కానీ á, í, ó, ú లేవు. వాటిలో ఒక్కటి పడినా మెసేజ్ మొత్తం వేరే కోడింగ్‌లోకి మారి హద్దు 70కి దిగిపోతుంది. అప్పుడు మీ ఒక్క మెసేజ్ మూడు ముక్కలై వెళ్తుంది, పాత బటన్ ఫోన్లలో ఒక్కోసారి ముక్కలు తారుమారై చేరతాయి. ఎమోజీ పెట్టినా ఇదే గతి. తెలుగులో పంపినా 70యే, అది హైదరాబాద్ దగ్గర మళ్ళీ చెబుతాను.

రిప్లైల గురించి మీ ప్రశ్నలో ఒక్క మాట కూడా లేదు, నాకు టెన్షన్ అనిపించింది అక్కడే. మీరు పంపిన వాటికి వచ్చే జవాబుల్లో స్క్రీనింగ్ గురించి ఉండేవి తక్కువ. "ఎవరు మీరు?" అని వస్తుంది. "బస్ పాస్ ఉందా?" అని వస్తుంది. "ఇవాళ రాత్రికి బెడ్ ఎక్కడైనా దొరుకుతుందా?" "నా ఇన్సులిన్ పోయింది." వీటికి ఆ రోజే ఒక మనిషి జవాబివ్వాలి. "ఇది ఆటోమేటెడ్ నంబర్, రిప్లై ఇవ్వకండి" అన్న మెసేజ్ ఒక్కసారి వెళ్తే ఆ నంబర్ మీద నమ్మకం పోయినట్టే. కాబట్టి వారానికి ఎన్ని మెసేజ్‌లు పంపగలరో సాఫ్ట్‌వేర్‌ను చూసి లెక్కేయకండి, రిప్లైలు చూసే నర్సుకు రోజుకు ఎంత టైమ్ ఉందో చూసి లెక్కేయండి. ఎన్ని అన్నదానికి నా జవాబు: కిట్ ఇచ్చిన రెండు రోజులకు ఒకటి, వారానికి ఒకటి, వ్యాన్ వచ్చే రోజు పొద్దున ఒకటి. ఆపైన మెసేజ్ వద్దు, మనిషే వెళ్ళి కలవాలి.

పరీక్షల వారీగా చూస్తే, మెసేజ్‌లకు బాగా అతికేది మలంలో రక్తం చూసే ఫిట్ కిట్. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మన పక్కనే ఫోర్ట్ వర్త్‌లో, ఇన్సూరెన్స్ లేని పేషెంట్లకు ఈ కిట్‌ను పోస్టులో ఇంటికి పంపి చూశారు, ఫలితాలు 2013లో వచ్చాయి. మామూలుగా వదిలేసినవాళ్ళలో 12.1 శాతం స్క్రీనింగ్ చేయించుకుంటే, కిట్ అందినవాళ్ళలో 40.7 శాతం చేయించుకున్నారు. మీ ప్రొఫెసర్లు బహుశా ఇదే చూపిస్తారు. కానీ దానికి పోస్టల్ అడ్రస్ ఉండాలి, బాత్‌రూమ్ ఉండాలి, కిట్ పెట్టుకోవడానికి ఒక అల్మరా ఉండాలి. మన పేషెంట్లకు ఈ మూడూ లేవు.

ఫిట్ చేయడం తేలికే. చిన్న సీసా, మూతకు అంటుకుని సన్నని పుల్ల. మలం పైభాగాన్ని అక్కడక్కడ గీరి, పుల్లను సీసాలో పెట్టి మూత బిగించాలి. ఒక్క నమూనా చాలు, తిండి నియమాలు లేవు. ఎక్కడ తేడా కొడుతుందంటే, మొదట తేదీ దగ్గర. సీసా మీద తీసిన తేదీ రాయకపోతే ల్యాబ్ తిప్పి పంపేస్తుంది. అందరికీ పెన్ను ఉండదు, కొందరికి ఆ రోజు తేదీ కచ్చితంగా తెలియదు. కవర్‌లో చిన్న పెన్సిల్ వేసివ్వండి. రెండోది టాయిలెట్. షెల్టర్ టాయిలెట్లో బయట నలుగురు తలుపు కొడుతుంటే ఈ పని చేయడం ఎలా ఉంటుందో ఊహించండి. షెల్టర్ మేనేజర్‌తో మాట్లాడి తాళం పడే ఒక బాత్‌రూమ్‌ను వ్యాన్ వచ్చే రోజు పొద్దున రెండు గంటలు ఇప్పించుకోగలిగితే, మీ మెసేజ్‌లన్నిటికన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది. మూడోది ఎండ. తీసిన నమూనా ఎన్ని రోజుల్లో ల్యాబ్‌కు చేరాలన్నది కిట్‌ను బట్టి ఉంటుంది. కానీ ఆగస్టులో డల్లాస్ వేడికి టెంటులో ఉన్న సీసాలో రక్తపు ఆనవాళ్ళు చెడిపోయి, ఉన్న జబ్బు లేనట్టు రిపోర్టు రావొచ్చు. అందుకే వేసవిలో "తీసిన రోజే, లేదా మర్నాడే తెచ్చివ్వండి" అని మెసేజ్‌లో స్పష్టంగా ఉండాలి.

మామోగ్రామ్‌కు మెసేజ్ వాడే పద్ధతి వేరు. మామోగ్రామ్ వ్యాన్ షెల్టర్‌కే వచ్చే రోజు పొద్దున "ఇవాళ, ఇక్కడ, ఇప్పుడే" అని పంపడం. మూడు వారాల తర్వాత ఊరికి ఇంకో చివర ఉన్న సెంటర్లో అపాయింట్‌మెంట్ గుర్తు చేయడంలో ఉపయోగం తక్కువ. గర్భాశయ ముఖద్వారం పరీక్ష విషయంలో పెద్ద మార్పే వచ్చింది. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందో లేదో చూసే నమూనాను క్లినిక్‌లోనే స్త్రీలు తమంతట తాము తీసుకునే పద్ధతికి 2024 మేలో అమెరికా మందుల, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. వీధుల్లో ఉన్న ఆడవాళ్ళలో లైంగిక హింస చూసినవాళ్ళు ఎంతమందో మీకు త్వరలోనే తెలుస్తుంది. స్పెక్యులమ్ (లోపల పెట్టి చూసే పరికరం) పరీక్ష అనగానే లేచి వెళ్ళిపోయే మనిషి, "బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మీరే తీసుకురావొచ్చు" అంటే ఆగుతుంది. ఈ మాట ఎదురుగా చెప్పాలి, మెసేజ్‌లో కాదు.

ఊపిరితిత్తుల సీటీకి మెసేజ్ ఒక్కటే ఎందుకూ చాలదు. బోస్టన్‌లోనే నిరాశ్రయుల క్లినిక్‌లో 260 మందితో ఒక ట్రయల్ చేశారు, ఫలితాలు 2024లో వచ్చాయి. పేషెంట్‌కు విషయం వివరించి, డాక్టర్ దగ్గర మాట్లాడే ఏర్పాటు చేసి, సీటీ బుక్ చేసి, తర్వాత ఫలితం దాకా వెంట ఉండే ఒక నావిగేటర్‌ను ఇచ్చినవాళ్ళలో ఆరు నెలల్లో 43.4 శాతం సీటీ చేయించుకున్నారు. నావిగేటర్ లేనివాళ్ళలో 9.2 శాతం. మీ క్లినిక్ దగ్గర ఉన్న డబ్బుతో మెసేజింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలా, సగం జీతానికి ఒక నావిగేటర్‌ను పెట్టుకోవాలా అన్న చర్చ వస్తే ఈ రెండు అంకెలు టేబుల్ మీద పెట్టండి. నావిగేటర్ చేతిలో మామూలు ఫోన్ ఉన్నా చాలు.

ఇప్పుడు అందరూ చివర్లో ఆలోచించేదీ, నేనైతే మొదట తేల్చుకోమనేదీ: ఫిట్ పాజిటివ్ వస్తే ఏం చేస్తారు? కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించాలి. ముందు రోజు సాయంత్రం నుంచి విరేచనాల మందు తాగాలి. రాత్రంతా టాయిలెట్ పక్కనే ఉండాలి. పొద్దున్నే బయటికి పంపేసే షెల్టర్లో, లేదా వంతెన కింద, ఇది అయ్యే పని కాదు. మత్తు ఇస్తారు కాబట్టి తర్వాత వెంట తీసుకెళ్ళే పెద్దమనిషి ఒకరు ఉండాలి, ఊబర్ డ్రైవర్‌ను ఒప్పుకోరు. ఇన్సూరెన్స్ లేదంటే, టెక్సస్ మెడికెయిడ్‌ను (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరించలేదు కాబట్టి కౌంటీ హాస్పిటల్ ఆర్థిక సహాయం కాగితాలు ముందే అయి ఉండాలి. ఆ కాగితాలకు ఐడీ కావాలి, ఐడీ సామానుతో పాటు పోయి ఉంటుంది. ఇంత దూరం ఉంది. పాజిటివ్ వచ్చాక పది నెలలకు పైగా ఆలస్యమైతే క్యాన్సర్, అందులోనూ ముదిరిన క్యాన్సర్ బయటపడే అవకాశం పెరుగుతుందని కైసర్ అనే పెద్ద ఆరోగ్య సంస్థ పేషెంట్ల లెక్కలతో 2017లో చూపించారు. కాబట్టి రాత్రికి రెస్పైట్ బెడ్ (ఇల్లు లేని రోగులు ఉండి కోలుకునే చోట మంచం), వెంట వచ్చే మనిషి, కౌంటీ కాగితాలు, ఈ మూడూ కుదిరినట్టు మెడికల్ డైరెక్టర్ నోట విన్నాకే మొదటి కిట్ పంచండి. పాజిటివ్ రిజల్ట్‌ను మెసేజ్‌లో ఎన్నడూ చెప్పొద్దు. "ఒకసారి మాట్లాడాలి, ఎక్కడున్నారు, మేమే వస్తాం" అని పంపి, నిజంగానే వెళ్ళాలి. నెగటివ్ వచ్చినవాళ్ళకు కూడా అలాగే, "ఒకసారి పలకరించండి" అనే పంపండి. లేదంటే "రమ్మన్నారంటే ఏదో ఉంది" అని జనం పసిగట్టేస్తారు.

చట్టం గురించి రెండు ముక్కలు. మెసేజ్‌లకు ముందస్తు అనుమతి తీసుకోవాలి, ఎవరైనా స్టాప్ అని పెడితే ఆపేయాలి. స్టాప్ అన్నవాళ్ళను "స్క్రీనింగ్ నిరాకరించారు" అని చార్ట్‌లో రాసే అలవాటు కొన్ని చోట్ల చూశాను. అది తప్పు. ఫోన్ వద్దన్నారు, అంతే. వాళ్ళను వ్యాన్ దగ్గర అడగాలి.

ఫలితాలు లెక్కేసేటప్పుడు ఎన్ని మెసేజ్‌లు వెళ్ళాయన్నది పక్కన పెట్టి, కిట్ తీసుకున్నవాళ్ళలో ఎంతమంది తిరిగి ఇచ్చారు, ల్యాబ్ ఎన్ని తిప్పి పంపింది, పాజిటివ్ వచ్చినవాళ్ళలో ఎంతమందికి కొలనోస్కోపీ అయింది, ఎన్ని రోజులకు అయింది అన్నది రాయండి. ఎన్ని నంబర్లు చచ్చిపోయాయో కూడా నెలనెలా రాస్తే మీ రిపోర్టులో అందరూ చదివేది ఆ పేజీయే అవుతుంది. వీలైతే అన్ని షెల్టర్లలో ఒకేసారి మొదలుపెట్టకుండా ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెట్టండి, పోల్చి చూడటానికి ఉంటుంది.

హైదరాబాద్ గురించి. ఇదే నమూనా అక్కడికి మోసుకెళ్ళొద్దు. అక్కడ ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటినవాళ్ళకు చూసేవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. వీటిలో నోటి పరీక్షకు టార్చి లైటు, నేర్చుకున్న కన్ను ఉంటే చాలు. రాత్రి షెల్టర్లో మంచం దగ్గరే అయిపోతుంది. గుట్కా, ఖైనీ అలవాటున్న కూలీలు ఉండే చోట మొదట చేయాల్సిందీ అదే. అంటే పరీక్షకు రప్పించడానికి మెసేజ్ అవసరమే లేదు. తెల్లమచ్చో, మానని పుండో కనిపించి రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌కు పంపినప్పుడు, ఆ మనిషి నిజంగా వెళ్ళాడా లేదా అన్న దగ్గర ఫోన్ పనికొస్తుంది. అక్కడ కూడా నేనైతే మెసేజ్ కన్నా కాల్‌నే నమ్ముతాను. షెల్టర్లో ఉండేవాళ్ళలో హిందీ, ఒడియా, మరాఠీ మాట్లాడేవాళ్ళూ ఉంటారు, చదవడం రానివాళ్ళూ ఉంటారు. మూకుమ్మడి మెసేజ్‌లే పంపాలనుకుంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, మెసేజ్ టెంప్లేట్ రెండూ ముందే డీఎల్‌టీలో (ఫోన్ కంపెనీల రిజిస్ట్రేషన్ వ్యవస్థ) రిజిస్టర్ చేయించాలి, తెలుగులో ఒక్కో మెసేజ్‌కు 70 అక్షరాల హద్దు (ఒత్తులు, గుణింతాలు కూడా విడిగా లెక్కకొస్తాయి). నర్సు తన ఫోన్ నుంచి పంపే మామూలు మెసేజ్‌కు ఈ రిజిస్ట్రేషన్ గొడవ లేదు, మొదలుపెట్టడానికి అదే నయం.